గర్భిణికి అయోడిన్: మోతాదు కంటే ముందు చూడాల్సింది సమయం

గర్భం నిర్ధారణ కాగానే డాక్టర్ రాసే చీటీలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కొన్ని వారాలకి ఐరన్, కాల్షియం వచ్చి చేరతాయి. హిమోగ్లోబిన్ ఎంతుందో చెకప్‌లలో చూస్తూనే ఉంటారు. అయోడిన్ మాట మాత్రం చాలామంది గర్భిణుల చెవిన తొమ్మిది నెలల్లో ఒక్కసారైనా పడదు. "ఉప్పులో ఉంటుంది కదా" అన్న ధీమా దీనికి ఒక కారణం. ఆ ధీమా చాలావరకు నిజమే. కానీ గర్భిణి విషయంలో ఆ లెక్క ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ తప్పుతుందో విడిగా చూసుకోవాలి. ఎందుకంటే స్వల్పంగా ఉండే అయోడిన్ లోటు నొప్పి పెట్టదు, స్కానింగ్‌లో కనబడదు. దానివల్ల ముప్పు ఉన్నది పుట్టబోయే బిడ్డ మెదడుకి, అది కూడా తల్లికి తాను గర్భవతినని సరిగ్గా తెలిసీ తెలియని రోజుల్లో.

మనిషి ఒంట్లో ఉండే అయోడిన్ అంతా కలిపినా 15 నుంచి 20 మిల్లీగ్రాములే. అందులో నాలుగింట మూడు వంతులు మెడ ముందుభాగంలోని థైరాయిడ్ గ్రంథిలోనే ఉంటుంది. ఆ గ్రంథి రక్తంలోంచి అయోడిన్‌ని లాక్కుని హార్మోన్లు తయారుచేస్తుంది. టి4 హార్మోన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి, టి3లో మూడు. అయోడిన్ లేకుండా ఈ హార్మోన్లు తయారు కావు, దాని బదులు పనికొచ్చే మూలకం ఇంకొకటి లేదు. ఒంటికి అయోడిన్‌ని సొంతంగా తయారుచేసుకునే దారి కూడా లేదు, తిండి ద్వారా రావాల్సిందే.

గర్భం దాల్చగానే థైరాయిడ్ మీద పని ఒక్కసారిగా పెరుగుతుంది. ప్రెగ్నెన్సీ టెస్టులో రెండో గీత కనబడటానికి కారణమయ్యే హెచ్‌సీజీ హార్మోనే థైరాయిడ్‌ని కూడా ప్రేరేపిస్తుంది. ఈస్ట్రోజెన్ పెరగడంతో రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ని పట్టి ఉంచే ప్రోటీన్ ఎక్కువవుతుంది, దానికి తగ్గట్టు హార్మోన్ కూడా ఎక్కువ కావాలి. మొత్తం మీద తల్లి థైరాయిడ్ మామూలు కంటే దాదాపు 50 శాతం ఎక్కువగా పనిచేయాలి. ఇదే సమయంలో మూత్రపిండాలు రక్తాన్ని మరింత వేగంగా వడకట్టడం వల్ల అయోడిన్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుంది. అవసరం పెరిగిన రోజుల్లోనే నష్టమూ పెరుగుతుందన్నమాట. కొన్ని వారాలు గడిచాక బిడ్డ సొంత థైరాయిడ్ పని మొదలుపెడుతుంది. దానికి కావాల్సిన అయోడిన్ కూడా మాయ ద్వారా తల్లి నుంచే వెళ్ళాలి.

మొదటి వారాల సంగతి

పిండంలో థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ని పట్టుకోవడం 10 నుంచి 12 వారాల మధ్య మొదలవుతుంది. చెప్పుకోదగ్గ స్థాయిలో హార్మోన్ విడుదల చేసేసరికి 18, 20 వారాలు వస్తాయి. అప్పటిదాకా బిడ్డ మెదడుకి అందే థైరాయిడ్ హార్మోన్‌లో దాదాపు అంతా తల్లిదే. మెదడులో నాడీకణాలు పుట్టడం, పుట్టిన చోటు నుంచి తమ స్థానాలకి కదిలి వెళ్ళడం మొదలయ్యేది ఈ దశలోనే. ఆ పనికి థైరాయిడ్ హార్మోన్ కావాలి.

ఇక నెల తప్పిన సంగతి గమనించి, టెస్టు చేసుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి చాలామందికి ఆరు, ఎనిమిది వారాలు గడిచిపోతాయి. అనుకోకుండా వచ్చిన గర్భమైతే ఇంకా ఆలస్యం కావచ్చు. ఆ వారాల్లో తల్లి హార్మోన్ తయారీ ఎలా సాగుతుందన్నది అంతకుముందు నెలల్లో, సంవత్సరాల్లో ఆమె తిన్న తిండి మీద ఆధారపడుతుంది. ఈ విషయంలో థైరాయిడ్ గాదె లాంటిది: ముందే నిండి ఉంటే అవసరం పెరిగినప్పుడు తీసి వాడుకోవడానికి ఉంటుంది, ఖాళీగా ఉంటే రోజువారీ వచ్చేదాంతోనే నెట్టుకురావాలి.

ఇది ఉత్త సిద్ధాంతం కాదని చూపించిన అధ్యయనం 1960లలో పాపువా న్యూ గినీ కొండ ప్రాంతంలోని జిమి లోయలో జరిగింది. అక్కడ అయోడిన్ లోటు తీవ్రం. థైరాయిడ్ ఉబ్బి మెడ వాచే గాయిటర్‌తో పాటు, పుట్టుకతోనే చెవుడు, మూగతనం, బుద్ధిమాంద్యం, కాళ్ళు బిగుసుకుపోవడం కలిసి వచ్చే క్రెటినిజం కూడా కనిపించేది. కొన్ని కుటుంబాలకి అయోడిన్ కలిపిన నూనె ఇంజెక్షన్, మిగతావారికి సెలైన్ ఇచ్చి, తర్వాత పుట్టిన పిల్లల్ని గమనిస్తూ వచ్చారు. 1971లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. అయోడిన్ అందిన తల్లుల పిల్లల్లో క్రెటినిజం చాలా అరుదైపోయింది. ఆ వర్గంలో కనిపించిన కొద్ది కేసుల్లో కూడా, ఇంజెక్షన్ వేసేనాటికే తల్లి గర్భవతిగా ఉన్నవే దాదాపు అన్నీ. అదే మందు, అదే మోతాదు. గర్భానికి ముందు పడిందా, తర్వాత పడిందా అన్నదే బిడ్డ భవిష్యత్తుని మార్చేసింది. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో జరిగి 1994లో వెలువడిన మరో అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. మొదటి ఆరు నెలల్లోపు అయోడిన్ అందిన తల్లుల పిల్లల్లో నాడీ సంబంధ లోపాలు బాగా తగ్గాయి. చివరి మూడు నెలల్లో ఇచ్చినప్పుడు అంత మేలు కనబడలేదు.

అంత తీవ్రమైన లోటు ఇప్పుడు ప్రపంచంలో చాలా చోట్ల తగ్గింది. స్విట్జర్లాండ్‌లో 1922లో, అమెరికాలోని మిషిగన్‌లో 1924లో మొదలైన అయోడైజ్డ్ ఉప్పు ఇవాళ చాలా దేశాలకి చేరింది. ప్రజారోగ్య చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసిన పనులు చాలా కొద్ది. ఇప్పుడు మిగిలిన ప్రశ్న స్వల్ప, మధ్యస్థ లోటు గురించి. ఇక్కడ ఆధారాలు అంత సూటిగా లేవు, ఆ మాట దాచకుండా చెప్పుకోవాలి.

బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా తల్లీబిడ్డల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భం తొలి దశలో అయోడిన్ తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకి ఎనిమిదేళ్ళ వయసులో భాషకు సంబంధించిన ఐక్యూ, తొమ్మిదేళ్ళ వయసులో చదివే నైపుణ్యం కొంత తక్కువగా కనిపించాయి. నెదర్లాండ్స్, స్పెయిన్, బ్రిటన్ దేశాల సమాచారాన్ని కలిపి 2019లో చేసిన విశ్లేషణలో ఈ సంబంధం మొదటి 14 వారాల్లోనే స్పష్టంగా కనబడింది. కానీ ఇవి రెండూ పరిశీలన మాత్రమే. అయోడిన్ ఎక్కువ తీసుకునే తల్లుల తిండి మిగతా విషయాల్లో కూడా మెరుగ్గా ఉండవచ్చు, చదువు, ఆదాయం వేరుగా ఉండవచ్చు. గణాంకాల్లో ఎంత సర్దినా ఆ అనుమానం పూర్తిగా పోదు.

అసలు పరీక్ష 2017లో వచ్చింది. బెంగళూరు, బ్యాంకాక్ నగరాల్లో స్వల్పంగా అయోడిన్ తక్కువైన 832 మంది గర్భిణుల్లో సగం మందికి రోజూ 200 మైక్రోగ్రాముల టాబ్లెట్, మిగతావారికి మందు లేని టాబ్లెట్ ఇచ్చారు. ఐదారేళ్ళ తర్వాత పిల్లల తెలివితేటల్ని పరీక్షిస్తే రెండు వర్గాల మధ్య తేడా కనబడలేదు. ఈ ఫలితాన్ని పట్టుకుని "గర్భిణులకి అయోడిన్ గోల అనవసరం" అనేవాళ్ళున్నారు. అది తొందరపాటు. అందులో పాల్గొన్నవాళ్ళు అయోడైజ్డ్ ఉప్పు బాగా అందుతున్న ప్రాంతాల వాళ్ళు. గర్భానికి ముందే వాళ్ళ థైరాయిడ్‌లో నిల్వ ఉండి, స్వల్ప లోటుని తల్లి శరీరమే సర్దుకుని ఉండవచ్చు. పైగా టాబ్లెట్ మొదలైంది సగటున పదో వారం దాటాకే. ఆ అధ్యయనం నుంచి నికరంగా తీసుకోదగ్గది ఒకటుంది: ముందు నుంచీ తిండిలో అయోడిన్ సరిగా అందుతున్న స్త్రీ, గర్భంలో కొలత కాస్త తగ్గిందని టెన్షన్ పడనక్కర్లేదు. ముందు నుంచీ అందని స్త్రీ గురించి మాత్రం అది భరోసా ఇవ్వదు.

ఎంత కావాలి, ఉప్పు ఎంత ఇస్తుంది

మామూలు పెద్దవాళ్ళకి రోజుకి 150 మైక్రోగ్రాములు చాలు. గర్భిణికి, పాలిచ్చే తల్లికి 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమెరికా ప్రమాణం గర్భిణికి 220, పాలిచ్చే తల్లికి 290. యూరప్ ఆహార భద్రతా సంస్థ ఇద్దరికీ 200 అంటుంది. ఈ అంకెల తేడా చూసి కంగారు పడాల్సింది లేదు. లెక్కగట్టిన పద్ధతులు వేరు, అంతే. గర్భిణికి మామూలు కంటే మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా ఎక్కువ కావాలన్న విషయంలో అందరిదీ ఒకే మాట.

ఇప్పుడు ఉప్పు లెక్క. రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కిలో ఉప్పులో 30 మిల్లీగ్రాముల అయోడిన్ ఉందనుకుంటే 5 గ్రాముల్లో 150 మైక్రోగ్రాములు వస్తుంది. వంటలో దాదాపు 20 శాతం పోతుందని లెక్కేస్తారు, 120 మిగులుతుంది. ఉప్పులో అయోడిన్ కిలోకి 15 మిల్లీగ్రాములే ఉంటే ఒంటికి చేరేది 60. తినే ఉప్పులో సగం, అయోడిన్ కలపని ఉప్పుతో చేసిన బిస్కెట్లు, చిప్స్, ప్యాకెట్ ఆహారం ద్వారా వస్తుంటే ఆ 120 కాస్తా మళ్ళీ 60 అవుతుంది. ఈ కూడికలు తీసివేతలు చూస్తే రెండు విషయాలు తేలతాయి. ఒకటి, మంచి అయోడైజ్డ్ ఉప్పు వాడినా గర్భిణి అవసరంలో సుమారు సగమే దాన్నుంచి వస్తుంది. రెండు, ఆ సగం కూడా ఎలాంటి ఉప్పు, ఎంతకాలం నిల్వ ఉన్న ఉప్పు అన్నదాని మీద ఆధారపడుతుంది.

అలాగని ఉప్పు పెంచడం పరిష్కారం కాదు. గర్భంలో బీపీ అసలే జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం. వాడేది తక్కువే అయినా, ఆ వాడే ప్రతి చిటికెడూ అయోడైజ్డ్ అయ్యేలా చూసుకోవాలి. ఉప్పు తగ్గించమనే సలహాకీ అయోడిన్ అవసరానికీ గొడవేమీ లేదు. ఉప్పు వాడకం తగ్గేకొద్దీ అందులో కలిపే అయోడిన్ మోతాదు పెంచుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. సమస్యంతా ఆరోగ్యానికి మంచిదన్న పేరుతో గులాబీ రంగు ఉప్పుకో, సైంధవ లవణానికో, శుద్ధి చేయని సముద్రపు ఉప్పుకో మారినప్పుడు వస్తుంది. ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని రాసి ఉంటే తప్ప వీటిలో అయోడిన్ లెక్కలోకి వచ్చేంత ఉండదు. సముద్రంలోంచి వచ్చింది కాబట్టి సముద్రపు ఉప్పులో అయోడిన్ ఉంటుందనుకోవడం పెద్ద అపోహ, సముద్రపు నీటిలోనే అది చాలా కొద్దిగా ఉంటుంది. పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్న స్త్రీ సరిగ్గా ఆ నెలల్లోనే మంచి తిండి తినాలని ఇలాంటి ఉప్పుకి మారడం బాధ కలిగించే విషయం.

అయోడైజ్డ్ ఉప్పుని మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పొయ్యికీ ఎండకీ తడికీ దూరంగా ఉంచాలి. తడిసి గడ్డకట్టిన ఉప్పులో అయోడిన్ తగ్గిపోతుంది. వంట చివర్లో వేస్తే నష్టం తక్కువ.

మిగతా సగం ఎక్కడినుంచి

పాలు, పెరుగు, గుడ్లు, సముద్రపు చేపలు. స్థూలంగా అయోడిన్ దొరికేవి ఇవే. ఒక గుడ్డులో సుమారు 25 మైక్రోగ్రాములు, అది కూడా పచ్చసొనలోనే ఎక్కువ. ఒక గ్లాసు పాలలో 50 నుంచి 90 దాకా ఉండొచ్చు. పాలలో ఇంత తేడా ఎందుకంటే, అందులోని అయోడిన్ పశువుల దాణాలో కలిపిన దాన్నుంచీ, పొదుగు శుభ్రం చేసే అయోడిన్ ద్రావణాల నుంచీ వస్తుంది. దాణా మారితే పాలూ మారతాయి. ఆర్గానిక్ పాలలో అయోడిన్ తక్కువగా ఉన్నట్టు బ్రిటన్‌లో చేసిన పరీక్షల్లో తేలింది. సముద్రపు చేపల్లో బాగానే ఉంటుంది, మంచినీటి చేపల్లో తక్కువ. కూరగాయల్లో, పళ్ళలో, ధాన్యాల్లో అవి పండిన నేలని బట్టి ఉంటుంది, చాలాచోట్ల ఆ నేలలో అయోడిన్ అంతంతమాత్రం.

అయోడైజ్డ్ ఉప్పు నుంచి వచ్చే 120కి ఒక గ్లాసు పాలు, ఒక కప్పు పెరుగు, ఒక గుడ్డు కలిస్తే 250 దగ్గరికి చేరిపోతుంది. ఇలా తినే స్త్రీకి అయోడిన్ కోసం పెద్దగా చేయాల్సింది ఏమీ ఉండదు. పాలు పడనివాళ్ళు, గుడ్లూ చేపలూ ముట్టనివాళ్ళు, జంతువుల నుంచి వచ్చేది ఏదీ తినని వీగన్లు, పాల బదులు బాదం పాలో ఓట్స్ పాలో తాగేవాళ్ళ పరిస్థితి వేరు. మొక్కల పాలలో విడిగా కలిపితే తప్ప అయోడిన్ నామమాత్రం. వీళ్ళకి ఉప్పు ఒక్కటే ఆధారం, అది కూడా అయోడిన్ లేని ఉప్పయితే గర్భిణి అవసరంలో పావు వంతు కూడా అందకపోవచ్చు. వేవిళ్ళతో మొదటి మూడు నెలలూ ఏదీ లోపల నిలవనివాళ్ళు కూడా ఈ జాబితాలోకే వస్తారు. ముందు నుంచీ నిల్వ ఉండటం అప్పుడే అక్కరకొస్తుంది.

టాబ్లెట్ల విషయంలో దేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ పిల్లల కోసం ప్రయత్నించేవారికి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి పొటాషియం అయోడైడ్ రూపంలో రోజుకి 150 మైక్రోగ్రాముల సప్లిమెంట్ సూచిస్తుంది, వీలైతే గర్భానికి మూడు నెలల ముందు నుంచే. ఆస్ట్రేలియాలో కూడా సలహా ఇదే. 90 శాతానికి పైగా ఇళ్ళకి సరైన అయోడైజ్డ్ ఉప్పు అందుతున్న చోట విడిగా టాబ్లెట్ అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2007లో చెప్పాయి. ఈ రెండిట్లో ఏది తనకి వర్తిస్తుందో తేల్చేది ఆ స్త్రీ రోజూ తినే తిండే. వాడుతున్న ప్రెగ్నెన్సీ మల్టీవిటమిన్‌లో అయోడిన్ ఉండే ఉంటుందని అనుకోవడం కూడా సరికాదు. అమెరికాలో 2009లో పరిశీలిస్తే అలాంటి మల్టీవిటమిన్‌లలో సుమారు సగం లేబుల్స్ మీదే అయోడిన్ కనబడింది. లేబుల్ తిప్పి చదవాల్సిందే.

కొలతలో ఉన్న చిక్కు

రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) నార్మల్‌గా ఉంది కాబట్టి అయోడిన్ కూడా సరిపోతోందని చాలామంది అనుకుంటారు. స్వల్ప లోటులో టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉండొచ్చు. మూత్రంలో అయోడిన్ కొలిచే పరీక్ష ఉంది, కానీ అది ఒక జనాభా మొత్తాన్ని అంచనా వేయడానికి పనికొచ్చేది. ఒకే మనిషిలో ఈరోజుకీ రేపటికీ, పొద్దునకీ సాయంత్రానికీ ఆ అంకె బాగా మారుతుంది. ఒక్కసారి చేయించుకున్న మూత్రపరీక్ష చూసి "నాకు లోటుంది" అనో "నాకు లేదు" అనో తేల్చుకోవడం కుదరదు. వ్యక్తి విషయంలో తిండి గురించి అడిగే నాలుగు ప్రశ్నలే ఎక్కువ ఉపయోగం: ఏ ఉప్పు, పాలు ఎంత, గుడ్లూ చేపలూ తింటారా, టాబ్లెట్‌లో అయోడిన్ ఉందా. చెకప్‌లో ఇవి అడగడానికి నిమిషం పట్టదు, అడగకపోవడానికి సాకు లేదు.

జనాభా స్థాయిలో ఇంకో లోపముంది. ఒక దేశానికి అయోడిన్ సరిపోతోందా అన్నది మామూలుగా బడి పిల్లల్లో కొలుస్తారు. వాళ్ళ మూత్రంలో మధ్యస్థ విలువ లీటరుకి 100 మైక్రోగ్రాములు దాటితే సరిపోతున్నట్టు. గర్భిణుల విషయంలో ఆ గీత 150 దగ్గర ఉంది. పిల్లల లెక్కలో పాసైన దేశంలోనే గర్భిణుల లెక్క తప్పడం చాలాచోట్ల కనిపిస్తోంది. గర్భిణుల్ని విడిగా కొలవని చోట ఈ సంగతి ఎవరి దృష్టికీ రాదు.

ఎక్కువైనా ముప్పే

అయోడిన్ మంచిదన్నారని ఎడాపెడా వేసుకునేది కాదు. గర్భిణికి రోజుకి 500 మైక్రోగ్రాములు దాటితే అదనపు మేలేమీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. యూరప్ పెట్టిన గరిష్ఠ పరిమితి 600, అమెరికాది 1,100. మోతాదు విపరీతమైతే థైరాయిడ్ తనని తాను కాపాడుకోవడానికి హార్మోన్ తయారీని ఆపేస్తుంది. పెద్దవాళ్ళలో కొద్దిరోజులకి అది మళ్ళీ దారిలో పడుతుంది. నెలలు నిండేదాకా పిండంలోని థైరాయిడ్‌కి ఆ తేరుకునే శక్తి పూర్తిగా రాదు, అందుకే తల్లి ఎక్కువ తీసుకుంటే బిడ్డలో హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువ కావడం, రావచ్చు. సముద్రపు నాచు, ముఖ్యంగా కెల్ప్ రకాల్లో, ఒక్క గ్రాములోనే వేల మైక్రోగ్రాములు ఉండే వీలుంది, అది కూడా ఒక్కో బ్యాచ్‌కి ఒక్కోలా. సహజమైనదని కెల్ప్ క్యాప్సూల్స్ వైపు వెళ్ళకూడదు. గాయాలకి, ఆపరేషన్ చోట రాసే పోవిడోన్ అయోడిన్ కూడా చర్మం ద్వారా ఒంట్లోకి చేరుతుంది. గర్భిణికి విశాలమైన చోట పదేపదే వాడాల్సి వస్తే డాక్టర్‌తో మాట్లాడాలి.

థైరాయిడ్ జబ్బు ముందే ఉన్నవాళ్ళు సొంతంగా అయోడిన్ టాబ్లెట్ మొదలుపెట్టకూడదు. హైపర్‌థైరాయిడిజం (థైరాయిడ్ హార్మోన్ ఎక్కువ కావడం) ఉంటే అది ముదిరే ప్రమాదముంది. లీవోథైరాక్సిన్ వాడుతున్నవాళ్ళకి హార్మోన్ నేరుగా టాబ్లెట్‌లోనే అందుతుంది కాబట్టి అయోడిన్ సప్లిమెంట్ మామూలుగా అవసరం ఉండదు. వాళ్ళు గర్భం నిర్ధారణ కాగానే చేయాల్సింది డాక్టర్‌ని కలిసి మోతాదు సరిచూసుకోవడం. వీళ్ళలో చాలామందికి గర్భంలో ఆ మోతాదు పెంచాల్సి వస్తుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్ తింటే థైరాయిడ్ పాడవుతుందన్న భయం కూడా చాలామందిలో ఉంది. అయోడిన్ సరిగా అందుతున్నప్పుడు, ఉడికించి మామూలుగా తింటే వాటివల్ల ఇబ్బందేమీ లేదు. వాటికంటే పట్టించుకోవాల్సింది ఐరన్. అయోడిన్‌ని హార్మోన్‌లో అతికించే ఎంజైమ్‌కి ఐరన్ కావాలి, రక్తహీనత ఉంటే వచ్చిన అయోడిన్ కూడా సరిగా వినియోగం కాదు. పొగాకు పొగలోని థయోసయనేట్ అయితే అయోడిన్‌ని కణాల్లోకి వెళ్ళనివ్వకుండా అడ్డుపడుతుంది. కాన్పు తర్వాత కూడా ఈ అడ్డు కొనసాగుతుంది. బిడ్డకి తల్లిపాలే ఏకైక అయోడిన్ ఆధారమైన ఆ నెలల్లో, పొగ తాగే తల్లుల పాలలో అయోడిన్ సగానికి సగం తగ్గిపోయినట్టు డెన్మార్క్‌లో జరిగిన అధ్యయనంలో కనబడింది. రొమ్ములోని కణాలు కూడా థైరాయిడ్ లాగే రక్తంలోంచి అయోడిన్‌ని లాగి పాలలోకి పంపుతాయి, తల్లికి అందితేనే బిడ్డకి అందుతుంది. అందుకే కాన్పుతో పాటు అయోడిన్ టాబ్లెట్ ఆపేయకుండా, పాలిచ్చినంతకాలం కొనసాగించమని చెబుతారు.